ఏడో స్టేషన్

రాత్రి ఎనిమిది కావస్తోంది. లక్డీకాపూల్‌లో మా మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకున్నాను. కింద రెండు గదుల ఇల్లు. గుట్టుగా మాట్లాడుకోవడానికి ఇదొక్కటే చోటు. ఫోన్ ట్యాంకుకి ఆనించి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. స్క్రీన్ మీద మేడమ్, ఎక్కడో వేరే ఊళ్లో.

"ఎక్కడున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?" ప్రతి వారం ముందు అడిగేది ఇదే. వీడియో ఆగిపోతే తనే మామూలు కాల్ చేస్తానని మొదటి రోజే మాటిచ్చారు.

"ఆ సాయంత్రం ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పండి."

2007 ఆగస్టు 25, శనివారం. నాకు పదకొండేళ్లు. లుంబినీ పార్కులో లేజర్ షో. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. చెమటగా ఉంది. రంగు వెలుగులు చూస్తున్నాను. ముందు వరసలో ఎవరో నవ్వుతున్నారు...

అంతే. గొంతు పెగలదు.

ఆ రాత్రి లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 40 మందికి పైగా పోయారు. పార్కులో పోయినవాళ్లలో మహారాష్ట్ర నుంచి టూరుకొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలున్నారు. మాకు గీత కూడా పడలేదు. "అదృష్టవంతులు, మీకేం కాలేదు" అన్నారు చుట్టాలంతా. ఏమీ కానివాళ్లకి ఏడ్చే హక్కుండదని పదకొండేళ్లకే అర్థమైంది నాకు.

ఇక్కడ మెట్రో ఎక్కితే ఎర్రగడ్డ ఏడో స్టేషన్. ఖైరతాబాద్, ఇర్రంమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్, ఈఎస్‌ఐ హాస్పిటల్, ఆ తర్వాత అదే. మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉన్న చోటు. బళ్లో ఎవర్నైనా వెక్కిరించాలంటే ఆ ఊరి పేరే తిట్టు. అందుకే ఆ ఏడు స్టేషన్లూ నేను దాటలేకపోయాను. ఒక అర్ధరాత్రి, నిద్రపట్టక, 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరది, ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ పలుకుతుంది. అవతలి గొంతు తెలుగులో "చెప్పండమ్మా" అంది. వణుకు, దడ, ఉలికిపాటు అన్నీ నా భాషలోనే చెప్పుకోగలిగాను. ఈ వారం వారం వీడియో ఆ తర్వాత కుదుర్చుకున్నదే.

ఢామ్!

వీధి చివర బారాత్. టపాసుల లడీ. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలీదు, ట్యాంకు వెనక నక్కి ఉన్నాను. స్క్రీన్ మీద మేడమ్ ముఖం నోరు సగం తెరిచి బిగుసుకుపోయింది. నెట్ పోయింది. ఆమెకీ ఏదో అయిపోయిందనిపించింది, ఆ క్షణం.

ఫోన్ మోగింది.

"నేనే. ఇక్కడే ఉన్నాను. కనిపించేవి ఐదు చెప్పండి."

"మెట్రో... మెట్రో లైట్లు. తీగ మీద లంగా. దానికి పచ్చ క్లిప్పు. తులసి కుండీ. నా కాళ్లు."

"చేతికి తగిలేవి?"

ట్యాంకు. దాని మీద ఎండకి పెచ్చులూడిన నలుపు, గరుగ్గా.

"పదికి ఎంతుంది భయం?"

"తొమ్మిది." కాసేపయ్యాక, "ఆరు."

మేడ దిగేసరికి అమ్మ వంటింటి కిటికీ రెక్కలు మూస్తోంది. టపాసులు వినబడితే ఎప్పుడూ అంతే. నాకోసమనుకునేదాన్ని. ఇవాళ గడియ పెడుతున్న ఆ వేళ్లు చూశాను. వణుకుతున్నాయి.

"ఎవరితోని మాట్లాడుతున్నవే ఇంతసేపు?"

"డాక్టరమ్మతో. లుంబినీ పార్కు గురించి."

అమ్మ కంచంలో అన్నం పెట్టింది. పప్పుచారు పోసింది.

"వచ్చే వారం నువ్వు గూడ వచ్చి కూర్చో అమ్మా, పైన."

ఆమె మాట్లాడలేదు. గరిటె గిన్నెలో పెట్టి, పైన ఇంకో కుర్చీ ఉందా అని అడిగింది.