రేచర్ల రుద్రుని రెండవ పని

దేవగిరి యాదవులతోడి పోరున కాకతీయ మహాదేవుడు మడిసెను. కుమారుడు గణపతిదేవుడు బందీ యయ్యెను. అప్పుడు ఓరుగల్లు రాజ్యమును కాచినవాడు సేనాపతి రేచర్ల రుద్రుడు. సింహాసనము చేయి చాచిన అందునంత దగ్గర. అయినను 1199లో గణపతిదేవుడు తిరిగి రాగా రాజ్యమును అప్పగించెను. రుద్రునకు మిగిలినది రాజ్యభారధౌరేయుడను బిరుదు.

పిదప ఆ సేనాని దృష్టి కట్టడములపై మరలెను. 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయము వెలసెను. పునాదిలో ఇసుక; శిఖరమున నీట తేలు ఇటుకలు! యునెస్కోవారు 2021లో దానిని ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి.

బడిపిల్లలతో నేను పలుమార్లు పోయితిని. శాసనము రుద్రునిదే, జనుల నోట మాత్రము అది శిల్పి పేర రామప్పగుడి. ప్రక్కనున్న చెరువును రామప్పచెరువే. నా మట్టుకు గుడికంటె చెరువే ఘనము. దాని నీరు నేటికిని పొలములకు పారుచున్నది.