టన్ను అను మాట

హ్యూస్టను నగరమున మా కుమారుడు ఇల్లంతటిని చల్లబఱచు యంత్రమును కొనదలచినపుడు, వర్తకుడు 5 టన్నులదే కొనుడని పట్టుపట్టెను. ఆ టన్ను యంత్రపు బరువు గాదు. 2,000 పౌనుల మంచుగడ్డ యొక దినమున కరగుచు ఎంత వేడిమిని గ్రహించునో అది ఒక టన్ను. అమెరికానుండి ఓడలపై వచ్చిన మంచును దాచుటకై 1842లో చెన్నపురిలో కట్టిన ఐస్‌హౌసు మీలో కొందఱు చూచియే యుందురు. ఈ లెక్క దానికి దూరపు చుట్టము.

1902లో విల్లిస్ కారియరు బ్రూక్లిను అచ్చుకూటమునకు యంత్రమును రూపొందించినది మనుష్యుల సుఖమునకు గాదు. తేమచే కాగితము సాగి, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండెను. 1914లో మినియాపొలిసున గేట్సు అను ధనికుని భవనములో 20 అడుగుల పొడవు యంత్రము వెలసెను. పాపము, యజమాని 1913లోనే గతించెను.

ఆ తేమ సంగతి తలచియే నేను అడ్డుపడితిని. మితిమీఱిన యంత్రము గదిని వేగముగ చల్లబఱచి ఆగిపోవును. తేమ మిగిలి గోడలకు బూజు పట్టును. ఉబ్బసముగల మనుమరాలున్న యిల్లది! గదులు, కిటికీలు కొలిపించి వేడిమి లెక్కగట్టింపగా మూడున్నర టన్నులు చాలునని తేలినది. మధ్యరకపు వెలలో రెండు వేగముల యంత్రమును కొని, మిగిలిన సొమ్ముతో అటకమీది గాలిగొట్టముల చీలికలను మూయించితిమి.