వేలిముద్ర నుంచి సమ్మతి పత్రం దాకా
(అంటురోగాల పరిశోధన చరిత్రలో మన గిరిజనులు)

పల్నాటి చరిత్ర అనగానే మనకు కారంపూడి రణక్షేత్రం గుర్తుకొస్తుంది. పుల్లరి మీద తిరగబడ్డ కన్నెగంటి హనుమంతు గుర్తుకొస్తాడు. ఆ గర్వం మనకు ఉండాల్సిందే. కానీ మన తండాల్లో, గూడేల్లో ఇళ్లకు ఇళ్లు ఖాళీ చేసిన శత్రువులు వేరే ఉన్నాయి. మశూచి, కలరా, మలేరియా, క్షయ. వాటికి మందులు ఎలా వచ్చాయి? ముందుగా ఎవరి ఒంటి మీద పరీక్షించి చూశారు? వాళ్లను అడిగే చేశారా? ఇది కూడా మనం తెలుసుకోవాల్సిన చరిత్రే. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో చదువుకుంటున్న మన పిల్లల కోసం ఆ కథను క్లుప్తంగా చెబుతున్నాం.

అమ్మవారు పోసిన రోజులు

మశూచి వస్తే మన పెద్దలు "అమ్మవారు పోసింది" అనేవాళ్లు. వేపాకు కట్టి, చలువ చేసి, అమ్మవారికి మొక్కేవాళ్లు. పిల్లలను, పశువులను రోగాల బారిన పడకుండా చల్లగా చూడమని సుగాలీ తండాల్లో సీత్లా భవానీకి నేటికీ పండుగ చేస్తాం. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో మశూచికి టీకా కనుగొన్నాడు. 1802లో అది బొంబాయి చేరింది. మన దేశంలో మొదట టీకా పడింది అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు. ఆ రోజుల్లో ఐసుపెట్టెలు లేవు. ఒక బిడ్డ చేతి మీద పొక్కు నుంచి రసం తీసి ఇంకో బిడ్డ చేతికి వేస్తూ ఊరూరా టీకాను నడిపించారు. అంటే దేశమంతా టీకాను మోసింది పసిపిల్లల చేతులే. చివరికి 1975లో మశూచి మన దేశం విడిచి వెళ్లింది.

దోమకు ఒక అణా

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు తాగింది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. హుసేన్ ఖాన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? నల్లమల అంచున ఉన్న మన చెంచులకు, అడవి పక్క తండాలకు మలేరియా కొత్త కాదు. దోమతెర వేసుకున్నప్పుడల్లా ఆ ఇద్దరినీ తలచుకోవాలి.

మద్రాసు నేర్పిన పాఠం

క్షయ వస్తే ఒకప్పుడు శానిటోరియంలో నెలల తరబడి పడుకోవాలనేవాళ్లు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి అలాంటి ఆసుపత్రి ఉంది. కానీ కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇంట్లో మనిషి ఏడాది మంచం పడితే గతేమిటి? 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి చేసిన పని అది. 193 మంది పేద రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు శానిటోరియంలో, ఇంకో జట్టుకు ఇంట్లోనే ఒకే రకం మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో మందు తిన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ఇవాళ ఆశా కార్యకర్త తండాకు వచ్చి క్షయ మాత్రలు చేతికి ఇస్తున్నదంటే దాని వేరు అక్కడుంది. మంచి పరిశోధన పేదవాడికి చేసే మేలు ఇలా ఉంటుంది.

భద్రాచలం చెప్పిన హెచ్చరిక

ఇక మనం మరిచిపోకూడని ఘట్టం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకాలు ఉన్నాయి. 2009 జూలైలో అమెరికా సంస్థ 'పాత్', ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో ఈ టీకాపై అధ్యయనం మొదలుపెట్టాయి. 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి టీకా వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన బిడ్డలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న విషయం బయటికి వచ్చాక, మహిళా సంఘాలు నిలదీశాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పని ఆపించింది.

ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని చెప్పింది. కానీ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలను ఎత్తిచూపింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇంకా గట్టిగా మాట్లాడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. బిడ్డ ఒంట్లోకి పోయే మందుకు తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం!

మనలో చాలామందిమి హాస్టళ్లలో, గురుకులాల్లో చదివినవాళ్లమే. అందుకే ఈ కథ మనకు దూరం కాదు. పైగా వేలిముద్ర అంటే మన జాతులకు పాత గాయం ఉంది. 1911 నేరస్థ తెగల చట్టం కింద నమోదైన తెగల మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం సర్కారుకు ఉండేది. మన ఎరుకల సోదరులు ఆ ముద్ర కిందే బతికారు. ఆ చట్టం 1952లో పోయింది. చదవనివ్వకుండా, చెప్పకుండా వేలిముద్ర వేయించుకునే అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. భద్రాచలంలో తప్పు జరిగింది అడిగే పద్ధతిలో. దాన్ని సాకుగా చూపి టీకాలు వద్దనడం మనకు మనమే చేసుకునే ద్రోహం. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. 2022లో మన దేశంలో తయారైన టీకాకూ అనుమతి వచ్చింది. పసిపిల్లల విరేచనాలను ఆపే రోటావైరస్ టీకా హైదరాబాద్‌లో తయారైంది. ఢిల్లీ, పుణె, వెల్లూరు ప్రాంతాల్లో 6,799 మంది పసిబిడ్డలపై పరీక్షించాకే అది మనదాకా వచ్చింది. 2016లో ఆ టీకాను ముందుగా ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏ తల్లులో ఒప్పుకున్నారు కాబట్టే మన పిల్లలకు ఆ చుక్కలు దక్కాయి.

మనం అడగాల్సినవి

నిరసనల ఫలితంగా చట్టం మారింది. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. మీ ఊరికి ఎవరైనా పరిశోధన పేరుతో వస్తే ఇవి అడగండి.

ఇది మామూలు చికిత్సా, పరిశోధనా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? ట్రయల్ అయితే దేశ రిజిస్ట్రీలో నమోదు నంబరు ఎంత? పత్రం మాకు అర్థమయ్యే భాషలో ఉందా? చదువు రానివారికి చదివి వినిపించేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉన్నాడా? పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నారా? ఏడేళ్లు దాటిన బిడ్డను కూడా అడిగారా? హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారు? మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చా? మానుకోవచ్చు. అది మన హక్కు. అలా మానుకున్నందుకు మామూలు వైద్యం ఆపే అధికారం ఎవరికీ లేదు.

యువ మిత్రులారా! వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల తండాల్లో నేటికీ వేలిముద్ర వేసే అవ్వలు, తాతలు ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చుని పత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, సుగాలీలోనో, ఎరుకల భాషలోనో విడమరిచి చెప్పండి. వాళ్లు సరే అంటే సరే, వద్దంటే వద్దు. మీలో కొందరు రేపు నర్సులు, డాక్టర్లు, పరిశోధకులు కావాలి. అప్పుడు ఆ పత్రాన్ని మన భాషలో రాసేది మీరే అవుతారు.