‘డాక్టర్’ అనే మాటకు అసలు అర్థం

తెలుగువారి నోట స్థిరపడిపోయిన ఆంగ్ల పదాలలో ‘డాక్టర్’ ఒకటి. అక్షరజ్ఞానం లేనివారు సైతం ‘డాక్టరుగారు’ అని తెలుగు మాటంత సహజంగా పలుకుతారు. అయితే ఈ పదానికి పుట్టుకలో వైద్యంతో ఎట్టి సంబంధమూ లేదని మీలో ఎందరికి తెలుసు?

లాటిన్ భాషలో ‘దొకేరే’ అనే క్రియకు బోధించుట అని అర్థం. దాని నుండి ఏర్పడిన ‘డాక్టర్’ అంటే బోధించువాడు, గురువు. డాక్యుమెంట్, డాక్ట్రిన్ అనే పదాలు కూడా ఈ ధాతువు నుండి వచ్చినవే. క్రైస్తవ ధర్మాన్ని వ్యాఖ్యానించిన అగస్టీన్, జెరోమ్ వంటి మహాపండితులను ‘చర్చి డాక్టర్లు’ అని గౌరవించారు. మధ్యయుగాలలో ఐరోపా విశ్వవిద్యాలయాలు వెలసిన తరువాత మతశాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యశాస్త్రాలలో బోధనార్హత సాధించినవారికి ఇదే పట్టం లభించింది. నేటి డాక్టరేటు ఆ సంప్రదాయానికి కొనసాగింపు. కనుక సాహిత్యంలో పరిశోధన చేసి ‘డాక్టర్’ అనిపించుకొన్నవారు మన బిరుదును అరువు తెచ్చుకోలేదు. వైద్యులమైన మేమే గురువుల బిరుదును ధరించాము.

పద్నాలుగో శతాబ్దపు ఆంగ్లకవి చాసర్ తన కాంటర్‌బరీ కథలలో వైద్యుని పాత్రకు ‘డాక్టర్ ఆఫ్ ఫిజిక్’ అని పేరు పెట్టాడు. ‘ఫిజిక్’ అంటే ఆనాడు వైద్యం. ఏ శాస్త్రంలో డాక్టరో విడిగా చెప్పవలసిన కాలమది. క్రమంగా ఆ విశేషణం రాలిపోయి, వాడుకలో డాక్టర్ అంటే వైద్యుడే అయినాడు.

శస్త్రవైద్యుల కథ వేరు. ఇంగ్లండులో వారు విశ్వవిద్యాలయాలలో కాక గురువు వద్ద శిష్యరికం చేసి పని నేర్చేవారు. 1540లో ఎనిమిదవ హెన్రీ కాలంలో క్షురకులూ శస్త్రవైద్యులూ ఒకే సంఘంగా ఏర్పడి, 1745లో విడిపోయారు. పట్టం లేనందున శస్త్రవైద్యుని ‘మిస్టర్’ అనే పిలిచేవారు. బ్రిటనులో నేటికీ సర్జన్లు ఆ పిలుపునే గౌరవంగా భావిస్తారు.

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. పేరును బట్టి బ్యాచిలర్ పట్టమే, డాక్టరేటు కాదు. అయినా ఆచారాన్ని అనుసరించి అది చదివినవారిని డాక్టర్ అంటున్నాము. ఆంగ్లంలో ఈ పదం క్రియగానూ చెల్లుతుంది. చికిత్స చేయడం, మరమ్మతు చేయడం అనే అర్థాలతో పాటు, లెక్కలనో పత్రాలనో తారుమారు చేయడమనే దుష్టార్థం కూడా దానికి ఉంది.

మన ‘వైద్యుడు’ అనే మాటకూ ‘విద్య’ అనే మాటకూ మూలం ఒక్కటే. తెలుసుకొనుట అనే అర్థం గల ‘విద్’ ధాతువు. వైద్యుడు తెలిసినవాడు, డాక్టర్ తెలియజెప్పేవాడు. ఈ రెండూ కలిసినప్పుడే చికిత్స సంపూర్ణమవుతుంది.

ఇది మాటల ముచ్చట మాత్రమే కాదు. క్షయరోగికి సాధారణంగా ఆరు నెలలు మందులు వాడవలసి ఉంటుంది. కొద్ది వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. క్రిములు ఇంకా మిగిలి ఉంటాయని ఎవరూ బోధపరచకపోతే అతడు మందులు మానివేస్తాడు. వ్యాధి తిరగబెడుతుంది, మందులకు లొంగని రూపమూ దాల్చవచ్చు. రక్తపోటు మాత్రలూ అంతే. పోటు అదుపులోకి రాగానే ‘నయమైంది’ అనుకొని మానినవారిలో కొందరు పక్షవాతంతో ఆసుపత్రికి చేరుతారు. వీరికి మందు దొరకక కాదు, పాఠం అందక ఈ గతి పట్టింది.

కాబట్టి ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మూడు సంగతులు అడగండి: నా జబ్బు ఏమిటి? ఈ మందు ఎందుకు? ఎంతకాలం వాడాలి? సంకోచించవద్దు, అది అవిధేయత కాదు. ఓపీలో రద్దీ ఎంత ఉన్నా ఆ మూడింటికీ జవాబు చెప్పడం, ఆయన పేరుకు ముందున్న మాట ఆయనపై మోపిన బాధ్యత.