పుదుచ్చేరి దుబాసీలు

పరాయి దేశపు రాజధానిలో కాపురం పెట్టినవానికి తొలి రోజునే కొన్ని అవసరాలు ఎదురవుతాయి. ఏ బజారులో ఏ సరుకు మంచిది, ధర ఎంతవరకు న్యాయం, చేతిలోని నాణేన్ని ఏ షరాబు మార్చి ఇస్తాడు, బట్టలు ఉతికేవారు ఎక్కడ, మంచినీళ్లు ఎవరు మోస్తారు అన్నవి అతనికి ఒప్పందాల కంటె, యుద్ధాల కంటె ముందు తెలియవలసిన సంగతులు. ఫ్రెంచి ఇండియాకు రాజధానిగా ఉన్న పుదుచ్చేరిలో పద్దెనిమిదవ శతాబ్దమంతా ఈ ప్రశ్నలన్నిటికీ ఒక్కటే జవాబు ఉండేది: దుబాసి. రెండు భాషలు తెలిసినవాడని ఆ మాటకు అర్థం. ద్విభాషి అనే సంస్కృత పదమే వాడుకలో అరిగి దుబాసి అయింది.

ఫ్రాంస్వా మార్టిన్ 1674లో ఇక్కడ నిలదొక్కుకొన్న నాటికి పుదుచ్చేరి ఒక తీర గ్రామం. 1693లో డచ్చివారు పట్టుకొని, రిస్విక్ సంధి మేరకు 1699లో తిరిగి అప్పగించే లోపల వీధులను గళ్లుగా గీసే పథకం ఒకటి తయారయింది. నేటికీ పాత పట్టణానికి ఆ గళ్లే ఆధారం. నడుమ ఒక కాలువ ఉన్నది. దానికి తూర్పున సముద్రం వైపు తెల్లవారి పట్టణం, పడమర దేశీయుల వీధులు, బజార్లు. అంటే కొనేవారు ఒక గట్టున, అమ్మేవారు మరొక గట్టున. ఈ రెంటికీ నడుమ రోజూ తిరిగే హక్కు, తిరగవలసిన అక్కర రెండూ దుబాసికి ఉండేవి. ఇందిరా నగర్ వంటి పేటలు పాత పట్టణపు బులెవార్ల వెలుపల చాలా కాలం తరువాత పెరిగినవి. వాటిలో నివసించే నేటి పుదుచ్చేరి పౌరునికి ఆ కాలువ ఎంత పెద్ద సరిహద్దో ఊహించుకోవడం కష్టం.

విదేశీయుని మొదటి బేరం ఒడ్డు చేరకముందే మొదలయ్యేది. ఈ తీరానికి సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకొనేవి. మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టిన పడవలు మాత్రమే అలల తాకిడికి వంగి ఒదిగి మనుషులను, సరుకులను ఒడ్డున దింపగలిగేవి. ఒడ్డెక్కిన తరువాత నాణేల చిక్కు. వరాహలు, పణాలు, రూపాయలు, కాసులు అన్నీ చెల్లేవి; వాటి మారకం మాత్రం స్థిరంగా ఉండేది కాదు. గవర్నరు డ్యూమా కాలంలో, 1736లో, ఆర్కాటు నవాబు అనుమతితో పుదుచ్చేరిలోనే రూపాయలు ముద్రించే హక్కు ఫ్రెంచివారికి లభించింది. అయినా షరాబుకు పని తగ్గలేదు. షరాబుతో మాట్లాడే దుబాసికీ తగ్గలేదు.

కుంపిణీ ప్రధాన దుబాసి స్థాయి వేరు. ఫ్రెంచివారు అతనిని కూర్తియే అనేవారు. నేత బట్టలకు వర్తకులతో ఒప్పందాలు కుదర్చడం, బయానాలు పంచడం, నవాబుల దర్బారులకు లేఖలు నడపడం, గవర్నరు పండుగ దినాలలో కానుకల వరుస చూడడం అతని పనులు. జీతం కంటె తరుగు మీదనే అతని సంపాదన. ఇంత అధికారం ఉన్న ఈ పదవికి రక్షణ మాత్రం గవర్నరు ప్రసన్నత ఒక్కటే.

నాయనియప్ప పిళ్లె కథ ఈ సంగతికి కఠినమైన సాక్ష్యం. ఆయన హిందువు, ఆ పదవి క్రైస్తవునికే దక్కాలని జెసూట్ పాదరీలు పట్టుబట్టారు. గవర్నరు ఎబేర్ 1716లో ఆయనను ఖైదు చేయించాడు. విచారణ జరిగింది, ఆస్తి పోయింది, బజారు నడుమ కొరడా దెబ్బలు తగిలాయి. ఏ బజారులో ఆయన మాట చెల్లుబడి అయ్యేదో ఆ బజారులోనే ఈ శిక్ష అమలు జరపడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. 1717లో ఆయన చెరసాలలోనే మరణించాడు. అయితే వ్యవహారం అంతటితో ముగియలేదు. ఫిర్యాదులు పారిస్ దాకా వెళ్లాయి, ఎబేర్ పదవి పోగొట్టుకొన్నాడు, తీర్పు రద్దయింది. నాయనియప్ప కుమారుడు గురువప్ప స్వయంగా ఫ్రాన్సు వెళ్లి, అక్కడ క్రైస్తవం స్వీకరించి, సెయింట్ మైకేల్ వీర బిరుదుతో తిరిగి వచ్చి తండ్రి పదవిని చేపట్టాడు. దూర దేశపు న్యాయస్థానంలో తండ్రి పేరును నిలబెట్టుకొన్న ఈ కుమారుని గురించి మన చరిత్ర గ్రంథాలు ఇంకా విపులంగా చెప్పవలసి ఉన్నది.

1724లో గురువప్ప మరణించగా కనకరాయ మొదలియారు ఆ స్థానంలోకి వచ్చి 1746 వరకు, తన మరణం దాకా, ఉన్నాడు. ఆ తరువాత డూప్లే హయాములో పదవి ఆనందరంగ పిళ్లెకు దక్కింది. నాయనియప్పకు బావమరిది అయిన తిరువేంగడ పిళ్లె కుమారుడే ఈయన. 1709లో మద్రాసు సమీపాన పెరంబూరులో జన్మించి, తండ్రితో పుదుచ్చేరి చేరాడు. 1736 సెప్టెంబరు మొదలుకొని 1761 దాకా తమిళంలో ఆయన రాసుకొన్న దినచర్య ఈ నగరపు రోజువారీ బ్రతుకుకు దొరికిన అతి పెద్ద ఆధారం. ఓడల రాకపోకలు, తోపుల మోత, సరుకుల ధరలు, ఎవరు ఎవరికి ఏమి కానుక ఇచ్చారు, గవర్నరు ఏ పూట ఏ ముఖంతో మాట్లాడాడు అన్నవన్నీ అందులో ఉన్నాయి. 1904 మొదలు 1928 వరకు పన్నెండు సంపుటాలుగా వెలువడిన ఇంగ్లీషు అనువాదం వల్లనే ఈ దినచర్య లోకానికి తెలిసింది. డూప్లే భార్యకు తమిళం వచ్చు. దుబాసి లేకుండానే ఆమె వ్యవహారాలలో చేయి చేసుకోవడం రంగ పిళ్లెకు నచ్చలేదన్న సంగతి ఆ పుటలలో దాగదు. భాష తెలిసిన యజమానురాలు దుబాసి వృత్తికే పోటీ కదా!

ఇక్కడ తెలుగు పాఠకునికి మరొక ఆసక్తికరమైన ముచ్చట ఉన్నది. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమైన ఆనందరంగరాట్ఛందమును ఈ దుబాసి పేరుతోనే రచించాడు. సంస్కృతంలో శ్రీనివాసకవి ఆనందరంగవిజయచంపువు రచించాడు. తమిళంలోనూ ఆయనపై ప్రబంధం వెలసింది. బజారు లెక్కలతో రోజు మొదలుపెట్టే మనిషి మూడు భాషల కవులకు ఆశ్రయదాత కావడం విశేషమే. కడలి కంపెనీల రాకకు తెలుగు తీరం కొత్త కాదు. మచిలీపట్నంలో ఫ్రెంచి వర్తక స్థానం 1669లోనే వెలసింది. ఇక ఇంగ్లీషువారి మద్రాసు పుట్టుకలో బేరి తిమ్మన్న పాత్ర ప్రసిద్ధమే. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేసి దాని చరిత్రను రాశాడు. రెండు భాషల నడుమ బ్రతికినవారికి చూసినది రాసిపెట్టుకొనే అలవాటు కొంత ఎక్కువేమో!

1761 జనవరిలో ఇంగ్లీషు సేనల ముట్టడికి పట్టణం లొంగిపోవడానికి కొద్ది రోజుల ముందు రంగ పిళ్లె కన్నుమూశాడు. కోట, తెల్లవారి భవనాలు నేలమట్టమయ్యాయి. కాలువకు పడమర బజారు దగ్గర ఆయన పేరు గల వీధిలో ఆయన ఇల్లు మాత్రం ఇప్పటికీ నిలిచి ఉన్నది. క్రింది అంతస్తులో దేశీయ పద్ధతిలో చెక్కిన కొయ్య స్తంభాలు, పైన ఫ్రెంచి తీరున సున్నపు స్తంభాలు.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఫ్రెంచి పాలకులు మళ్లీ స్థిరపడి నగరాన్ని పునర్నిర్మించిన తరువాత సేవలు మెల్లమెల్లగా ప్రభుత్వ శాఖల చేతికి వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది మంచినీరు. మూడవ నెపోలియన్ పాలనలో పట్టణానికి పడమర నున్న ముత్తరాయపాలెం నుండి నీటిని తెచ్చారు. అక్కడి చెరువును గూర్చిన ఐతిహ్యం మనకు దగ్గరి బంధువే. విజయనగర ప్రభువు ఒకరు, కృష్ణదేవరాయలేనని చెబుతారు, దీపాలతో వెలిగే ఒక భవనాన్ని ఆలయమనుకొని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చివేయమన్నాడట. ఆమె వేడుకొని, తన ఇంటిని తానే కూల్చి ఆ చోట చెరువు తవ్వించిందట. ఆమె పేరిట ఫ్రెంచివారు కట్టించిన తెల్లని ఆయి మండపం నేడు రాజ్ నివాస్ ఎదుటి ఉద్యానవనంలో ఉన్నది.