డొమైన్ మోడలింగ్ (కంప్యూటర్ శాస్త్రం)

కంప్యూటర్ వ్యవస్థ పనిచేయబోయే లోకాన్ని, అంటే ఒక రేవునో రైల్వేనో రాకెట్ ప్రయాణాన్నో, ఆ వ్యవస్థ ప్రసక్తి లేకుండానే గణిత తర్కంలో వర్ణించడమే ఫార్మల్ డొమైన్ మోడలింగ్. ప్రోగ్రాం ఏం చేయాలో నిర్ణయించేముందే అక్కడ ఏవేవి ఉన్నాయో, ఏవి మారతాయో, ఏ నియమం ఎన్నడూ తప్పదో ఇందులో తేల్చుకుంటారు.

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం రేవునే తీసుకుందాం. ఓడలు, బెర్తులు, క్రేన్లు, కంటైనర్లు వస్తువులు; ఓడ రావడం, సరుకు దిగడం ఘటనలు. ‘ఒక కంటైనర్ ఒకేసారి రెండు చోట్ల ఉండదు’ వంటి నియమాలు రాయడం తేలికే. ‘ఓడ మునిగి ఉన్న లోతు బెర్తు దగ్గరి నీటి లోతుకన్నా తక్కువగా ఉండాలి’ అని రాయబోతేనే చిక్కు మొదలవుతుంది. నీటి లోతు ఆటుపోట్లతో మారుతుంది, పూడిక చేరితే తగ్గుతుంది. సరుకు దిగేకొద్దీ ఓడ పైకి తేలుతుంది. అందుకని రెంటినీ కాలంతో మారే ఫంక్షన్లుగా రాసి, ఓడ అక్కడున్న ప్రతి క్షణానికీ నియమాన్ని వర్తింపజేయాలి. మామూలు వాక్యంలో దాగిపోయే ఇలాంటి సంగతులు సూత్రంలో దాగవు. ఈ పద్ధతికి ఉన్న అసలు విలువ ఇదే.

1970లలో ఐబీఎం వియన్నా ప్రయోగశాలలో పుట్టిన వీడీఎం (వియన్నా డెవలప్‌మెంట్ మెథడ్) ఈ రంగానికి పునాదుల్లో ఒకటి. దాని రూపకర్తల్లో ఒకరైన డెన్మార్క్ శాస్త్రవేత్త డీనెస్ బ్యోర్నర్ తర్వాత డొమైన్ ఇంజనీరింగ్‌ను ప్రత్యేక శాస్త్రంగా తీర్చిదిద్దారు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు మైకేల్ జాక్సన్, పమేలా జేవ్ 1990లలో మరో సంగతి స్పష్టం చేశారు: ప్రోగ్రాం తప్పు లేకుండా ఉన్నంతమాత్రాన చాలదు, లోకం గురించి మనం నమ్మినదీ నిజం కావాలి.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో ఇదే నెల్లూరు తీరం చూసింది. 1993 సెప్టెంబర్ 20న అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎగిరిన రాకెట్ పీఎస్ఎల్‌వీ-డీ1, ఐఆర్ఎస్-1ఈ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయింది. రెండో దశ విడిపోయేటప్పుడు రాకెట్ ఊహించనంతగా చలించింది. దాన్ని సరిదిద్దాల్సిన పిచ్ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో ఒక దోషం ఉంది. నియంత్రణ ఆదేశం నిర్దేశిత గరిష్ఠ పరిమితిని దాటితేనే అది బయటపడుతుంది. ఆ రోజు దాటింది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ పేలిపోవడం వెనకా ఇలాంటి కారణమే ఉంది. ఏరియాన్ 4 ప్రయాణ వేగాలకు సరిపోయిన కోడ్‌ను కొత్త రాకెట్‌లో వాడారు. దాని వేగం ఎక్కువ కావడంతో 64 బిట్ల విలువ 16 బిట్లలో ఇమడలేదు.

‘ఆదేశం ఈ పరిమితిలోనే ఉంటుంది’ అనేది రాకెట్ గురించిన వాక్యం. దాన్ని సూత్రంగా రాసిపెడితే, పరిమితి దాటినప్పుడు ఏం జరగాలన్న ప్రశ్న డిజైన్ బల్ల మీదే ఎదురవుతుంది.

ఈ పద్ధతికీ హద్దుంది. గణితం వర్ణనలోని పొందికను రుజువు చేయగలదు గానీ, వర్ణన సముద్రానికి సరిపోయిందో లేదో చెప్పలేదు. అది రేవులో పనిచేసేవాళ్లు చదివి చెప్పాల్సిందే. అందుకే బ్యోర్నర్ తన వర్ణనల్లో సూత్రాల పక్కనే మామూలు వాక్యాల్లో కథనాన్నీ ఉంచుతారు.