మ్యాన్‌లిఫ్టు ఎక్కే ముందు: కార్డు, బెల్టు, కింద ఒక మనిషి

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చి నిర్మాణ పనుల్లో ఉన్న మనవాళ్లు చాలామంది. పెయింటింగ్, ఏసీ డక్టు, అద్దాల పని చేసేవారికి మ్యాన్‌లిఫ్టుతో అవసరం పడుతూనే ఉంటుంది.

వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. నిట్టనిలువుగా లేచేది సిజర్ లిఫ్టు. పక్కలకూ చాచగలిగేది బూమ్ లిఫ్టు. పెద్ద సైట్లలో తరచుగా అడిగేది ఐపాఫ్ సంస్థ శిక్షణ, పరీక్ష తర్వాత ఇచ్చే పాల్ కార్డు. దాని గడువు 5 ఏళ్లు. కదిలే సిజర్‌కు 3ఏ, కదిలే బూమ్‌కు 3బీ విభాగం. 3ఏ ఉంది కదా అని బూమ్ నడపకూడదు.

బూమ్ చక్రం గుంతలో పడితే బాస్కెట్ ఒక్కసారిగా ఎగిరి మనిషిని బయటికి విసిరేయగలదు. అందుకే హార్నెస్ వేసుకుని, పొట్టి తాడును బాస్కెట్‌లోని కొక్కేనికే తగిలించాలి, పక్కనున్న స్తంభానికి కాదు. రెయిలింగ్ ఎక్కకూడదు. మనుషులు, సామాను కలిపి ప్లేటుపై రాసిన బరువు దాటకూడదు. ఆరుబయట వాడే యంత్రాలకు గాలి పరిమితి సాధారణంగా సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు.

ఎక్కువగా మరిచిపోయేది కింద ఉండాల్సిన మనిషిని. పైనున్నవారు దూలానికీ రెయిలింగ్‌కూ మధ్య ఇరుక్కుంటే కింది కంట్రోలుతో దించాల్సింది అతనే. ఎంత తొందరపెట్టినా, ఎక్కేముందు ఒక్కమాట అడగండి: "అవసరమైతే నన్ను దించేదెవరు?" జవాబు రాకపోతే ఎక్కకండి.